సోలెడు చీరమేను

దసరా వెళ్ళిన మూడో రోజుకి
గౌతమిలో ఎర్రమన్ను అడుక్కి దిగిపోతుంది.
పులస మాట ఇక ఎవరూ ఎత్తరు.
దానికోసం పుస్తెలు తాకట్టు పెట్టినవాళ్ళు
మెల్లగా విడిపించుకునే కాలం.

మా ఎదుర్లంకలో శరత్తు అంటే
ఆకాశం కాదండీ, ముందు చింతకాయ.
గింజ ముదరని, పెంకు విడవని పచ్చికాయ,
గోరుతో గిల్లితే చాలు
దూరాన ఉన్నవాడికి పళ్ళు పులుస్తాయి.

నేను పంటు నడిపిన సరంగుని.
ఏటి మీద వంతెన పడ్డాక నాకు మిగిలినవి
ఒక ఈల, ఒక గొడుగు, ఒక కిరసనాయిలు పొయ్యి.
వంట పంటు మీదే వచ్చింది.
రేవులో ఏ బుట్ట ఎక్కితే
ఆ బుట్టలోది కూరలో పడేది.

మట్టగిడస ఒంటరిగా ఉడకదు,
లేత వంకాయ పక్కన లేకపోతే మొహం మాడ్చుకుంటుంది.
బొమ్మిడాయి అలా కాదు, గర్విష్ఠిది,
ఉల్లిముద్ద తప్ప ఎవర్నీ దగ్గరికి రానివ్వదు.
ఒక ఆశ్వయుజంలో కొరమేను పులుసులో
కంద ముక్కలు వేశాను.
గొంతు దురదెక్కి మా కళాసీ నాగూరు
రెండు రోజులు నాతో మాట్లాడలేదు.
తప్పు కందది కాదు,
చింతపండు దగ్గర నా పిసినారితనానిది.
జెల్ల వేపుడు పక్కన వెలగపండు పచ్చడి పెట్టుకోమని
అరటిగెలల వ్యాపారి ఒకాయన చెబితే
వెర్రివాడనుకున్నాను.
తిన్నాక ఆయన దగ్గర టిక్కెట్టు డబ్బులు తీసుకోలేదు.

పంపరపనస మాత్రం వేయించిన ముక్కకే.
నిమ్మకాయ ఒక్క అరుపులో చెప్పేదాన్ని
అది కూర్చుని, కాళ్ళు చాపుకుని చెబుతుంది.
తొన ఒలిచి, ముత్యాలు విడదీసి,
కాస్త ఉప్పూ కారం చల్లితే
సావడాయి ముల్లు కూడా మెత్తగా తగులుతుంది.

ఆ చెట్టు సూరాయమ్మ గారిది.
వేరు ఆవిడ వైపు, కాయలు సగం నా వైపు.
పదకొండు నెలలు మా మధ్య
ఒకే సత్తుగిన్నె తిరుగుతుంటుంది,
చేప అటు, కాయ ఇటు.
ఖాళీగా గోడ దాటిన రోజు లేదు.

పన్నెండో నెల కార్తీకం.
ఆవిడ చీకటితో రేవులో మునిగి
అరటిదొప్పలో దీపం వదిలి వస్తుంది.
ఉల్లిపాయ కూడా నెల పాటు గుమ్మం బయటే.

సరిగ్గా అప్పుడే, దేవుడికి వేళాకోళం ఎక్కువ,
తూర్పుగాలి తిరుగుతుంది.
మొగలోంచి చీరమేను ఎక్కి వస్తుంది.
చేప కాదది, వెయ్యి కళ్ళు కలిసి ఈదడం.
పాత చీరల్లో పట్టి
యానాం రేవులో సోలలతో కొలుస్తారు.
ధర వినగానే వెనక్కి తిరిగాను,
నాలుగడుగులు నడిచి
మళ్ళీ ముందుకి తిరిగాను.

ఇంటికొచ్చేసరికి గోడ మీద సత్తుగిన్నె.
నిండా చింతకాయలు, పైన రెండు పచ్చిమిరపకాయలు.
"గాలి తిరిగిందిగా" అంది అవతలి గొంతు,
"పులుపు లేకుండా ఏం వండుతారు?"

కాయలు ఉడికించి, పిసికి, పీచు తీశాను.
నూనెలో ఉల్లి ఎర్రబడ్డాక
చీరమేను దించి, గరిటె పెట్టకుండా
మూకుడే పట్టుకుని కుదిపాను.
పొగ లేచింది. గోడ దాకా వెళ్ళింది.
మొహమాటపడకుండా దాటింది.

అవతల వత్తులు చేస్తున్న చేతులు ఆగాయి.
నేను చూడలేదు, గాజులు చెప్పాయి.
చాలాసేపు ఏమీ లేదు.
తరవాత, కళ్ళు మూసుకున్నవాళ్ళ గొంతుతో,
"సరంగు గారూ, ఉప్పు చాల్లేదు."

నోట్లో వేసుకుని చూశాను.
చాల్లేదు.

గిన్నె తోమి బోర్లించాను.
అందులో ఏం పెట్టి పంపాలో తేలడం లేదు.
రెండు సీతాఫలాలు కొన్నాను,
ఒకటి అప్పుడే మెత్తబడింది.
కార్తీకం ఇంకా పదకొండు రోజులుంది.